మా నాన్న కొర్రలు, మీ నాన్న గింజలు

రేపల్లె

మేనకోడలు ప్రేమకుమారికి మావయ్య దీవెనలు.

ఫోన్లో చెప్పొచ్చుగా అనకు. మీ నాన్న సంజీవరావు ఫోన్లో ఒకటంటాడు, మర్నాడు నేనలా అనలేదంటాడు. ఆ గాలి నీకూ సోకి ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను.

బాపట్లలో నీ ల్యాబుకి రెండు కవర్లు పంపాను. ఒకటో దాంట్లో మా పొలంలో పండిన కొర్రలు. మా నాన్న, అంటే మీ అమ్మ తరఫు తాతయ్య, ప్రాణంలా చూసుకున్న రకం. రెండోది సంగం జాగర్లమూడిలో మీ నాన్న పండించేది, మీ అమ్మని అడిగి తెప్పించాను. దాన్ని కొర్రలనడం నీ మొహం చూసి. పిచ్చుకలు కూడా మొహమాటానికే తింటాయి.

మా రకాన్ని మా నాన్న పేరు మీద రిజిస్టరు చేయించాలి. నేను పోయేలోగా ఆయన పేరు ఒక్కచోటైనా నిలవాలని నా ఆశ. మీ నాన్న కూడా వాళ్ల నాన్న పేరుతో బయల్దేరాడట. రెండూ ఒకటి కాదని నీ డీఎన్ఏ చేత చెప్పించు.

ఇట్లు, నీ మావయ్య కొండయ్య, రిటైర్డు హెడ్మాస్టరు

తా.క. అమ్మని అడిగానని చెప్పు. నాన్నని అడగలేదని కూడా చెప్పు.

బాపట్ల

మావయ్య గారికి వందనాలు.

గింజలు మొలకెత్తించి, లేత ఆకుల్లోంచి డీఎన్ఏ తీశామండి. అందులో ఒక్కో రకానికి ఒక్కో తీరుగా ఉండే చోట్లుంటాయి. వాటినే మార్కర్లంటాం. రుచి, రంగు, మన ఉపన్యాసాలు వాటికి అక్కర్లేదు. మీ రెండు కవర్లూ వేరువేరు రకాలే.

తాతయ్యలిద్దరి దగ్గరా అప్పట్లో సేకరించిన కొర్రలు మా విత్తనాల గదిలో వాళ్ల పేర్లతో ఉన్నాయి. వాటితో పోల్చమంటారా?

మీ మేనకోడలు, ప్రేమకుమారి

తా.క. నాన్న కూడా ఉత్తరం రాశారు. మీ పేరు రావాల్సిన చోటల్లా చుక్కలు పెట్టారు.

రేపల్లె

ప్రేమకుమారికి మావయ్య దీవెనలు.

పోల్చమంటారా అని అడుగుతావేంటి, పోల్చు. బంగారానికి గీటురాయి భయమా? తెనాలిలో ఫ్లెక్సీకి చెప్పేశాను. మా నాన్న బొమ్మ పెద్దది, నా బొమ్మ కాస్త చిన్నది. మీ నాన్నకి నా జాలి తెలియజెయ్యి. ఏటా తెనాలి చర్చిలో కోతల పండుగకి దేవుడికిచ్చిన పంటల వేలంపాటలో ఆయన కొర్రల సంచి ఎవరూ కొనరని నేనే పాడుతున్నాను. అది దేవుడికి కానుక, ఆయనకి ధర్మం.

మావయ్య

తా.క. నా పాట నేనే పెంచి, కొని, చావిట్లో ఓ మూలకి విసిరేయిస్తాను.

బాపట్ల

మావయ్య గారికి వందనాలు.

కూర్చుని చదవండి. ఒకటో కవరు, అంటే మీ పొలంలోది, జాగర్లమూడి తాతయ్య కొర్ర. రెండోది, నాన్న పొలంలోది, రేపల్లె తాతయ్య కొర్ర. మళ్లీ మళ్లీ చూశాం, అదే వచ్చింది.

కవర్లు తారుమారు చేశానంటారని నాకు తెలుసు. అందుకే అమ్మకీ, మీ ఇంట్లో సుజన అత్తయ్యకీ ఫోన్ చేశాను. ఇద్దరిదీ ఒకే మాట: “దేవుని ముందు పెట్టిన గింజే కదమ్మా విత్తుతాం. మిగతాది వండుకుంటాం.” వేలంపాటలో మీ సంచి నాన్న పాడతారు, నాన్న సంచి మీరు పాడతారు. మూలకి విసిరిన సంచిని ఆడవాళ్లు తెచ్చి విత్తుతారు. మీరిద్దరూ గట్టు మీద నిలబడి నా రకం, నా రకం అంటారు. రెండు కొర్రలూ ఏటేటా ఇళ్లు మారుతున్నాయి. ఈ ఏడు వంతు ఇలా పడింది.

కంగారేం లేదు. వచ్చే పండుగలో ఎప్పటిలాగే పాడుకోండి, ఎవరివి వాళ్లకొస్తాయి. అంతవరకూ గింజల జోలికి వెళ్లకండి.

ప్రేమకుమారి

తా.క. పిచ్చుకలు మొహమాటానికి తిన్నది రేపల్లె తాతయ్య కొర్రనే.

రేపల్లె

ప్రేమకుమారికి.

నీ చదువు తగలెయ్య. మీ నాన్న గింజతో ఇన్నాళ్లూ వచ్చిన చుట్టాలందరికీ కొర్రన్నం పెట్టి, ఇది మా నాన్న రుచి అని చెప్పానే. నా పరువేం కావాలి? ఆ గింజ నా గడపలో ఉండటానికి వీల్లేదు. గాదె ఊడ్పించి మొత్తం కోళ్లకి పోయించాను. చర్చిలో పెట్టనిది కాబట్టి పాపం లేదు.

మా నాన్న కొర్రలు మర్యాదగా పంపించమని మీ నాన్నకి చెప్పు. ఇంకొకరి సొమ్ము భద్రంగా దాచుకోవడం ఆయనకి అలవాటేగా.

కొండయ్య

తా.క. మొత్తం పంపేలోగా ఒక్క పూట అన్నానికి సరిపడా ముందు పంపమను. మా నాన్న తిన్న రుచి నేను మర్చిపోయాను. అది తలుచుకుంటే ఏడుపొస్తోంది.

బాపట్ల

మావయ్య గారికి వందనాలు.

మీ ఉత్తరం వచ్చిన రోజే నాన్న ఫోన్ చేశారు. “కొండయ్య ఇంటి గింజ నా కొంపలోనా?” అని ఆయనా కోళ్లకే పోయించారట. పొలంలోనూ లేవు, గాదెలోనూ లేవు. రెండూళ్లలో కోళ్లు మాత్రం బలిశాయి.

మీరు పంపిన కవర్లలో మాకు పరీక్షకి పోను గుప్పెడు గుప్పెడు మిగిలాయి. అవి అత్తయ్యకి, అమ్మకి పంపాను, ఏ ఇంటి తాతయ్యవి ఆ ఇంటికి. రిజిస్టరు కాగితాల్లో రకాలకి తాతయ్యల పేర్లే రాశాను. సాగుదారు అన్నచోట అత్తయ్య పేరు, అమ్మ పేరు రాశాను, ఎందుకంటే ఇన్నేళ్లూ విత్తింది వాళ్లే. మీకూ నాన్నకీ కూడా చోటుంది. సాక్షులుగా, ఒకే వరసలో, పక్కపక్కన సంతకాలు పెట్టాలి.

మీ మేనకోడలు, ప్రేమకుమారి

తా.క. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టనన్నా ఆ గుప్పెళ్లు కూడా వెనక్కి తెప్పిస్తాను. మా క్వార్టర్సులోనూ కోళ్లున్నాయి.