పచ్చ అట్ట ఆయన దగ్గర నేర్చుకున్నది

మనవరాలు డెబోరాకు తాత దీవించి రాయునది. ప్రభువు దయవల్ల అవ్వా నేనూ బాగున్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. హాస్టల్లో అన్నం సరిగా పెడుతున్నారా?

నువ్వు పంపిన పుస్తకాలు రాసినవాళ్ళలో ఎవరు నచ్చారని అడిగావు. రోజుకో పేజీ చూసి రాయమన్నావు, రాశాను. లావు పుస్తకం ఆయనకు మాటలెక్కువ. పొద్దు పొడిచిందని చెప్పడానికి అరపేజీ. అంతసేపుంటే మన వలలో చేప కుళ్ళిపోతుంది. పచ్చ అట్ట ఆయన వేరు. చూసింది చెబుతాడు, నోరు మూసుకుంటాడు. ఆ పుస్తకం అంతా చూసి రాశాను, మళ్ళీ మొదటినుంచి రాశాను.

రొయ్యల గుంటల మురికినీళ్ళు మన బోర్లలోకి దిగుతున్నాయని పేపరుకు నేను ముందు రాసినవన్నీ "దయగల అయ్యలారా" అని ఏడ్చినవే. ఒక్కటీ వెయ్యలేదు. ఈసారి పచ్చ అట్ట ఆయన లాగా రాశాను. "మా వీధి బోరు నీళ్ళతో అన్నం వండితే ఉప్పు వేయనక్కరలేదు. గుంటల యజమాని పెంచలకృష్ణ గారి ఇంటికి మంచినీళ్ళ క్యాన్లు వస్తాయి." అంతే. వేశారు. చర్చిలో పాస్టరు గారు చదివి వినిపించారు. ఆఫీసర్లు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు.

ఆ మర్నాడు ఒడ్డున కట్టిన మన పడవ తాడు తెగి ఉంది. గాలికి తెగిన తాడుకు పీచులు లేస్తాయి. ఇది నున్నగా ఉంది. అవ్వకు చెప్పలేదు.

ఇక అసలు సంగతి. ఫోనులో చెబితే పరుగెత్తుకొస్తావని ఉత్తరం రాస్తున్నాను. గుంటల మేనేజరు నరేంద్రబాబు ఆ పేపరు ముక్క పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"ఇది నువ్వు రాసినావా తాతా?"

"నేనే."

"సొసైటీలో సంతకం పెట్టేదానికే పొద్దుగూకులు చేస్తావే, నువ్వు రాసినావా! ఎవురు రాసిచ్చినారో చెప్పు. నీ జోలికి రాంలే."

నాకు రోషం వచ్చింది. "పుస్తకాలిచ్చి నేర్పింది నా మనవరాలురా. నెల్లూరులో బియ్యీడీ చదవతా ఉండాది. నీ మాదిరి మేత సంచులు లెక్కబెట్టుకునేది కాదు" అన్నాను.

"అట్నా! ఏ హాస్టలు తాతా?"

అదీ చెప్పాను. గొప్పగా చెప్పాను.

అతను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం వచ్చినవాడైతే చింపేవాడు. పోతూ పోతూ, "శనివారం బస్సుకు వస్తాదిగదా పాప" అని నవ్వాడు.

నేను నేర్చుకుని రాశానంటే ఒక్కడూ నమ్మడంలేదు. నువ్వే రాశావని వాళ్ళ లెక్క. నా నోటితో నేనే నీ దారి చూపించాను తల్లీ.

శనివారం బస్సెక్కవద్దు. ఈ ఉత్తరం తెచ్చిన ఫ్లోరా పిన్నితోనే కొడవలూరు పోయి, వాళ్ళ ఇంట్లో ఉండు. వాదన పెట్టుకోవద్దు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు బల్ల వేయించి, నరేంద్రబాబును పిలిపించి, పాళెమంతా చూస్తుండగా పేపరుకు ఇంకో ఉత్తరం రాస్తాను. తాడు సంగతి రాస్తాను. పొద్దుగూకినా ఆగను. అది నా రాతేనని నమ్మితే వాళ్ళు నా దగ్గరికే వస్తారు.

నమ్మాలని ప్రార్థన చెయ్యి.

ఇట్లు
నీ తాత
హెబ్రోను