పట్టీ మిషన్ తాళంచెవి

వరంగల్ కరీమాబాద్ నివాసి, వడ్రంగం వృత్తిగా బతికిన వంగోజు వీరభద్రం అనే నేను, కీర్తిశేషులు సోమలింగం కుమారుణ్ని, వయసు అరవై ఆరు, రాయించుకుంటున్న వీలునామా ఇది. గుండె బలహీనపడిందని దవాఖానలో చెప్పారు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. చెప్పాలంటే నిన్నటికంటే ఇవాళే నాకు తెలివి ఎక్కువగా ఉంది. దీన్ని రాయమని నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఒక మనిషి కోప్పడ్డాడు, ఆ సంగతి ఆరో పేరాలో వస్తుంది. సారంగపాణి వకీలు పోయిన నెల రాసిన వీలునామా దీనితో రద్దయింది.

1. నేనుంటున్న పెంకుటిల్లు నా భార్య రాజవ్వ బతికున్నంత కాలం ఆమెదే. ఆమె తర్వాత కొడుకు రాంచందర్, బిడ్డ సరోజన చెరిసగం తీసుకోవాలి. కార్ఖానా వెనక టేకు పలకలు కొన్ని గోనెసంచి కప్పి ఉన్నాయి. అవి రాజవ్వ మంచానికని పెళ్లయిన కొత్తలో మొక్కుకున్నట్టు దాచినవి. ప్రతి ఏడూ ఎవరిదో ఆర్డర్ అడ్డమొచ్చింది. "ఊరందరికి మంచాలు జేసినవ్, నేను సాప మీదనే పోయేటట్టున్న" అని ఆమె నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు నాకు తెలుసు. నా చేతులతో నేనే చేయగలిగితే సరే, లేదంటే నా సంవత్సరీకం లోపల రాంచందర్ ఆ మంచం చేసి ఇవ్వాలి. అంచులు నున్నగా ఉండాలి.

2. మా నాయన వాడిన చిన్న చిత్రిక స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న సరోజనకు. దాని కింద రాలే చెక్క చుట్టలను ఆమె చిన్నప్పుడు గాజుల్లాగా చేతులకు వేసుకుని ఇల్లంతా తిరిగేది. అల్లుడు దాన్ని కొబ్బరికాయలు కొట్టడానికి వాడకూడదు. అతను వాడతాడు, అందుకే రాస్తున్నాను.

3. ములుగులో ఉన్న మా తమ్ముడికి నా ఆస్తిలో ఏమీ లేదు. నా పెద్ద రంపం పట్టుకుపోయి, తిరిగిచ్చానని నాయన ఫొటో మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. ఆ రంపమే అతని వాటా. దినాలకు వస్తే కడుపునిండా అన్నం పెట్టండి, రంపం ఊసు ఎత్తకండి. సిగ్గుపడేవాడైతే ఈపాటికే పడేవాడు.

4. కార్ఖానా, అందులోని మిషన్లు రాంచందర్‌కు. అయితే పట్టీ మిషన్‌కు షరతులున్నాయి. హైదరాబాద్‌లో మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి కొనుక్కొచ్చిన పాత మిషన్ అది. ప్లైవుడ్ పలకకు పక్కన కనిపించే గరుకు అంచు మీద సన్నటి చెక్కపట్టీని వేడి జిగురుతో అంటిస్తుంది. రోలర్లు దాన్ని నొక్కుతాయి, చివర కట్టర్ మిగులును కోస్తుంది. కట్టర్‌కు చెక్క అనీ చెయ్యి అనీ తేడా తెలియదు.

కాబట్టి రాంచందర్, రోలర్ల మీద, కట్టర్ మీద చేతికి అడ్డుగా ఉండే ఇనుప జాలీ బిగించకుండా మిషన్ తిప్పకూడదు. జాలీ ఉంటే పని సాగదని నువ్వంటావు. పని ఆగితే రేపు చేసుకోవచ్చు. జిగురు తుడవాలన్నా, ఇరుక్కున్న పట్టీ తీయాలన్నా మెయిన్ స్విచ్ బంద్ చేసి, స్విచ్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే చెయ్యి పెట్టాలి. బంద్ చేసిన తర్వాత కూడా రోలర్లు కాసేపు తిరుగుతాయి, పూర్తిగా ఆగేదాకా ఆగు. జిగురు డబ్బా చుట్టూ చెక్క పొట్టు పేరుకోనివ్వకు, అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. కిటికీ తెరిచే ఉంచు, ఆ పొగ మంచిది కాదు. మెడలో తువ్వాలు, చేతికి దారం, పొడుగు చేతుల అంగీ ఉన్నవాణ్ని మిషన్ దగ్గరికి రానివ్వకు. చిన్న పలకను తోపుడు చెక్కతోనే తొయ్యాలి, అవతలి పక్క చెయ్యి పెట్టి లాగకూడదు. మొండి కట్టర్ మహా చెడ్డది, చెక్కను పట్టి గుంజుతుంది. దానికి పదును పెట్టించడంలో పిసినారితనం చేస్తే నా శాపం తగులుతుంది.

5. దసరా గురించి. ఇది వకీలు రాయనన్నాడు, వీలునామాలో పండుగలెందుకని. నేనే పట్టుబట్టాను.

ఎనభై ఒకటి దసరాకు మిషన్లన్నీ కడిగి పూజ చేశాం. పట్టీ మిషన్ కట్టర్‌కు నా చేతులతో బొట్టు పెట్టాలని జాలీ విప్పించింది నేను. విప్పిన జాలీకి కూడా బొట్టు పెట్టి గోడకు ఆనించాను. మిషన్‌కు బంతిపూల దండ కట్టాను. తెల్లారి పని మొదలుపెట్టేటప్పుడు దండ తీయబోతే వద్దన్నాను, దానంతట అది వాడి రాలిపోవాలన్నాను. జాలీ గోడకే ఉండిపోయింది.

మిషన్ మీద యాకయ్య ఉన్నాడు. కొత్తవాడ నేతగాడు. మగ్గం మీద పని తగ్గితే, గిరాకీ వచ్చేదాకా అని మా కార్ఖానాలో చేరాడు. దండ దారం రోలర్‌కు చుట్టుకుంది. దేవుని దండ తెగిపోతుందని, నేను నొచ్చుకుంటానని యాకయ్య చెయ్యి పెట్టాడు. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. తెగిన పోగును అతికే వేళ్లే అవి. గిరాకీ వచ్చింది, మగ్గాలు ఆడాయి, యాకయ్య మాత్రం మళ్లీ మగ్గం గుంటలో దిగలేదు.

అమ్మవారు నెత్తురు కోరిందని ఇంట్లో అన్నారు, వాడకట్టంతా అదే మాట. నాకూ ఆ మాట హాయిగా తోచింది. మేకను కోసి చేతులు కడుక్కున్నాను. అమ్మవారు జాలీ విప్పమని అడగలేదు. తిలాపాపం తలాపిడికెడు అని పంచుకునే పాపం కూడా కాదిది, మొత్తం నాదే. ఇకనుంచి దసరాకు ఫ్యూజు పీకి పూజ చేయండి. బొట్టు జాలీకి పెట్టండి, బిగించి ఉన్నప్పుడే. పూలు పళ్లెంలో పోసి కింద పెట్టండి. మిషన్‌కు నూనె వెయ్యడం, జిగురు గీకడం, అదే పూజ.

6. యాకయ్య గురించి. దవాఖాన నుంచి వచ్చాక అతన్ని నేను వదిలేయలేదు. వదల్లేదని లోలోపల గర్వపడ్డాను కూడా. దర్వాజ దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టి, నెలనెలా జీతమిచ్చాను. మిషన్ దగ్గరికి రానివ్వలేదు. పాత వీలునామాలో కూడా, నేను పోయాక ఆ మిషన్‌ను పగలగొట్టి పాత ఇనుము కింద అమ్మాలని, యాకయ్య బతికినన్నాళ్లు ఆ స్టూలు మీదే ఉంచి జీతమివ్వాలని రాయించాను. చాలా గొప్ప పని చేశాననుకుని, ఇవాళ పొద్దున కార్ఖానాలో అందరి ముందు వకీలుతో చదివించాను.

యాకయ్య లేచాడు. ఇన్నేళ్లలో నా మీద గొంతు పెంచడం అదే మొదలు.

"మిషన్ ఏం పాపం జేసిందన్నా? జాలీ ఇప్పింది నువ్వు. వేళ్లు పోతే పోయినయ్, పని గుడ గుంజుకున్నవ్. నా మొఖం సడక్ దిక్కు తిప్పి కూసోవెట్టినవ్, నన్ను జూస్తే నీకు యాదికొస్తదని. నేను బిచ్చపోణ్ణి గాదు, నాకు పని గావాలె."

నేను చేసిన రెండో తప్పు ఇది, మొదటిదానికంటే పెద్దది. మొదటిది ఒక్క క్షణంలో అయిపోయింది. ఇది ఎనిమిదేళ్లు, పుణ్యమనుకుంటూ రోజూ చేశాను.

వెంటనే వకీలుకు చెప్పాను, కొట్టెయ్యి, పట్టీ మిషన్ పని, దాని స్విచ్ పెట్టె తాళంచెవి యాకయ్యవి అని రాయి అని. ఆయన రాయబోతూ, వీలునామా మనిషి పోయాకే అమలవుతుందని అన్నాడు. యాకయ్య నా దిక్కు చూశాడు.

"గట్లయితే నువ్వు సచ్చేదాక నేను గీ స్టూలు మీదనే ఉండాల్నా అన్నా?"

మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి అక్కడికక్కడే అతని ఎడమచేతిలో పెట్టాను. కాబట్టి ఈ వీలునామాలో యాకయ్యకు నేను రాసేది ఏమీ లేదు. రాంచందర్, నీకు చెప్పేది ఒక్కటే. అతను చాలనేదాకా ఆ తాళంచెవి అతని దగ్గర ఉంటుంది. అతను వద్దంటే ఆ రోజు మిషన్ తిరగదు, ఎంత పెద్ద ఆర్డరున్నా సరే. మిషన్ నీది, తిప్పడం అతనిది.

7. దర్వాజ దగ్గరి స్టూలు ఎవరికీ ఇవ్వడం లేదు. దాని మీద ఇప్పుడు నేనే కూర్చుని ఇదంతా రాయిస్తున్నాను, ముఖం లోపలికి తిప్పుకుని. యాకయ్య ముందు జాలీ బోల్టులు బిగించాడు, తర్వాత స్విచ్ వేశాడు. రాజవ్వ మంచానికి టేకు పలకలు వెనక నుంచి లోపలికి తెస్తున్నారు. నేను పోయిన రోజు ఈ స్టూలును పగలగొట్టి నీళ్లు కాగబెట్టే పొయ్యిలో పెట్టండి. మళ్లీ ఎవరినీ దీని మీద కూర్చోబెట్టవద్దు.

చదివించుకుని విన్నాను, నా మాటలే ఉన్నాయి.

వరంగల్, 25 సెప్టెంబర్ 1989.

(సంతకం) వంగోజు వీరభద్రం

సాక్షులు:
1. రాయమల్లు, కట్టర్లకు పదును పెట్టే కమ్మరి, కరీమాబాద్.
2. యాకయ్య, పట్టీ మిషన్ మేస్త్రీ, కొత్తవాడ. ఈ వీలునామా వల్ల ఇతనికి ఏ లాభమూ లేదు గనుక సాక్షిగా పనికొస్తాడని వకీలు చెప్పాడు. మిషన్ బంద్ చేసి, తాళం వేసి వచ్చి, ఎడమచేతితో సంతకం పెట్టాడు.