గడ్డి బండికి కొబ్బరికాయ

మే 16, 2009, శనివారం

అపార్ట్‌మెంట్ వదిలి ఇల్లు కొన్నాక ఇది మొదటి సమ్మర్. గడ్డి కొయ్యడానికి చేత్తో తోసే మోవర్ చాలంటారు మా ఆయన. ఆయన గుండెకి స్టెంట్ వేసి ఇంకా ఏడాది కాలేదు, వెనకాల గడ్డేమో అర ఎకరం.

"కూర్చుని నడిపేదే కొందాం. కాదంటే గడ్డిని నడుమెత్తు పెరగనివ్వండి" అన్నాను.

షాపులో ఆయన చూపంతా కప్ హోల్డర్ ఉన్న పెద్దదాని మీదే. చివరికి మా బడ్జెట్‌లోకి వచ్చింది అన్నిటికంటే చిన్నది.

ఇంటికి తెచ్చాక దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. పక్కింటావిడ కంచె మీంచి చూసి చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం పెరటి చివర ఏటవాలు తలుచుకుంటే ఇప్పటికీ భయమే. అక్కడ బండి ఒరిగితే...

ఆయన ఎక్కి కూర్చున్నారు. తాళం తిప్పబోతూ, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, కార్లో నేను కూర్చునే కుడివైపు తిరిగి, "బెల్టు పెట్టుకున్నావా?" అన్నారు.

ఆ బండికి ఉన్నది ఒకటే సీటు. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను.

"పెట్టుకున్నానండీ, పోనివ్వండి" అన్నాను.