ఒక మనిషికి ఒక మంచం

నేను, డాక్టర్ లలితాంబ, కీర్తిశేషులు అనంతరామ్ గారి భార్యను, వయసు డెబ్బై తొమ్మిది, చర్మ వైద్యురాలిగా రిటైరై జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో ఉంటున్నదాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న కాగితం ఇది. మతి నిలకడగానే ఉంది. అక్షరాలు వంకర పోతే అది వయసు వల్ల కొంత, అసహ్యం వల్ల కొంత.

ఎనిమిదేళ్ల కిందట ఒక వీలునామా టైపు చేయించి, ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించి, మన దేశంలో లాగే పని అయిపోయిందనుకున్నాను. ఇక్కడ నోటరీకి వెళ్లకపోతే వీలునామా మొత్తం సొంత దస్తూరీలో ఉండాలట. అందులో సర్వస్వం నా ఒక్కగానొక్క కొడుకు హేమచంద్రకే రాశాను. అది చెల్లనందుకు బతికిపోయాను. అయితే ఇదీ రాయకుండా పోతే చట్టప్రకారం అంతా అతనికే వెళ్తుంది. అలా వెళ్లకూడదు.

1. ఇల్లు. ఇనుప కార్ఖానా పక్కనున్న మూడంతస్తుల ఇల్లు. దాన్ని నూట యాభై ఏళ్ల కిందట గుస్తావ్ ఐకెన్‌రోట్ అనే కార్ఖానా యజమాని తన పనివాళ్ల కోసం కట్టించాడు. ఆ రోజుల్లో కూలీలు మంచాన్ని షిఫ్టు చొప్పున అద్దెకు తీసుకునేవారు. ఒకడు లేచి పనికి వెళ్తే ఆ వెచ్చటి పరుపు మీదే ఇంకొకడు వాలేవాడు. ఐకెన్‌రోట్ అది చూసి రోసిపోయి ఈ ఇల్లు కట్టి, గుమ్మం పైన ఇనుప పలక పెట్టించాడు: 'ఒక మనిషికి ఒక మంచం, ఒక తాళంచెవి.' ఆయనేమీ దేవుడు కాడు. యూనియన్ మాట ఎత్తినవాణ్ణి మర్నాడే గెంటేసేవాడట. మంచం విషయంలో మాత్రం మాట తప్పలేదు. అనంతరామ్ గారు ఆ కార్ఖానాలోనే ఇంజనీరు. అది మూతపడ్డప్పుడు ఈ ఇల్లు కొన్నాం.

ఆయన పోయాక తాళాలు హేమచంద్రకు ఇచ్చాను. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా ఆశతో మన పిల్లలు చదువులకు వందలుగా వస్తున్నారు, గదులు దొరకట్లేదు, సాయం చేస్తానన్నాడు. వెర్రిదాన్ని, మురిసిపోయాను.

మొన్న ఉగాదికి తెలుగు సంఘం హాల్లో రోహిత్ అనే కరీంనగర్ అబ్బాయి పులిహోర ప్లేటు పట్టుకుని వేళ్ల సందులు గోక్కుంటున్నాడు. చూడగానే తెలిసింది, గజ్జి. ఎక్కడుంటావు బాబూ అంటే నా ఇంటి చిరునామానే చెప్పాడు. 'నాది డే బెడ్ ఆంటీ. రాత్రి వేర్‌హౌస్‌ల డ్యూటీ చేసి వస్త, అప్పటికి ఇంకోడు లేస్తడు, గదే మంచంల నేను పండుకుంట. వీసా ఆఫీసుకు పోయే టెర్మిన్ తారీఖు దగ్గరికొచ్చింది, అన్మెల్డుంగ్‌కు కాగితం అడిగితే ఓనర్ అన్న ఇస్తలేడు' అన్నాడు పాపం. ఆ కాగితం, అంటే చిరునామా నమోదు, లేకపోతే ఇక్కడ వీసా కదలదు. ఆ ఓనర్ అన్న తల్లితోనే చెబుతున్నానని వాడికి తెలియదు.

మర్నాడే వెళ్లాను. మధ్యాహ్నం రెండింటికి ఇద్దరు పిల్లలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, లోపలివాళ్లు ఎప్పుడు లేస్తారా అని మెట్ల మీద కూర్చున్నారు. తొమ్మిది మంచాలు, పదహారు మంది. అందరికీ కలిపి ఒకటే తాళంచెవి, పూలకుండీ కింద. ఛీ! ఆ ఇనుప పలక ఫొటోనే వాట్సాప్ ప్రకటనలో పెట్టుకున్నాడు నా కడుపున పుట్టినవాడు. ఆ రోజే తాళాలు వెనక్కి తీసుకున్నాను.

ఇందులో నా పాపమూ ఉంది. ఆ అద్దెల మీదే కేరళ వెళ్లి మోకాళ్లకు తైలాలు రుద్దించుకున్నాను. ఎలా వస్తున్నాయని ఒక్కనాడూ అడగలేదు. నన్ను చూసుకున్నా నాకు రోతగానే ఉంది.

కనుక ఈ ఇంటిని సర్వహక్కులతో నా మనవరాలు సరయుకు దఖలు పరుస్తున్నాను. షరతులివి: మంచానికి ఒక్కరే, ప్రతివారికీ తాళంచెవి, ఉత్తరాల డబ్బా మీద పేరు, దిగిన వారంలోనే అన్మెల్డుంగ్ కాగితం. తప్పితే ఇల్లు విద్యార్థుల వసతి సంస్థకు పోతుంది. సరయూ, నీకు తెలుగు చదవడం రాదు. భాస్కర్ రావు తాతయ్య చదివి చెబుతారు. జర్మన్‌లో 'యా, ఓమా', సరే నానమ్మా, అని తలూపి ఊరుకోకు.

2. హేమచంద్రకు నేనుంటున్న ఫ్లాటు. కన్నకొడుక్కి కొంత ఇచ్చి తీరాలని చట్టం అంటోంది కాబట్టి ఇస్తున్నాను. దాంతో పాటు రోహిత్ పడుకున్న ఇనుప మంచం, పరుపు, దుప్పటి. దుప్పటి ఉతికించాను, నేను డాక్టర్ని. హేమచంద్రా, నేను నిలదీస్తే 'వాళ్లకి ఇదే ఎక్కువ మమ్మీ' అన్నావు. చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోస్తే పదకొండు రోజులు నా మంచం నీకిచ్చి నేల మీద పడుకున్నాను. అది తలుచుకుంటే ఏడుపొస్తోంది.

3. ఈ వీలునామా అమలుకు నా కార్యనిర్వాహకులు, మా పాత మిత్రులు భాస్కర్ రావు గారికి, మా వారి ఇత్తడి కాఫీ ఫిల్టరు. నా కాఫీ నీళ్లలా ఉందని నలభై ఏళ్లు సణుగుతూనే రెండో గ్లాసు అడిగారు.

4. నా దినాలకు తెలుగు సంఘం వాళ్లు ప్రసంగాలు చేయరాదు. హేమచంద్రకు 'విద్యార్థి బంధు' అని శాలువా కప్పిన చేతులవి.

5. ఇనుప పలక గుమ్మం పైనే ఉండాలి.

సాక్షులు అక్కర్లేదట ఇక్కడ. అయినా సాక్షి లేనిది నాకు వీలునామాలా అనిపించదు.

జార్‌బ్రూకెన్, 14 నవంబర్ 2023
(సంతకం) లలితాంబ

సాక్షులు:
మీనాక్షి, నర్సు, పక్క ఫ్లాటు.
రోహిత్, విద్యార్థి. నివాసం: పైన రాసిన ఇల్లే, రెండో అంతస్తు, కిటికీ గది, ఒక మంచం. అన్మెల్డుంగ్ అయింది.