ఒక్కసారి, ప్రతి నెలా

జూన్ 14, 2025, శనివారం. నంద్యాల

ఆళ్లగడ్డ నుంచి మా చర్చి పాస్టరు ఫ్రాన్సిస్ అయ్యగారు ఫోన్ చేశారు. చర్చి హాస్టల్ వంటగది రేకులు ఈ వానలకు నిలిచేట్టు లేవమ్మా, ఆన్‌లైన్‌లో కానుకలు తీసుకునే ఫారం ఒకటి చేసిపెట్టు, కంప్యూటర్ టీచర్‌వి కదా, నీకెంతసేపు అన్నారు. ఈ నీకెంతసేపు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. స్కూల్లో మా కరస్పాండెంట్ విజయభాస్కర్ సార్‌దీ ఇదే పాట. ప్రింటర్ ఆగినా నేనే, బెల్లు మోగకపోయినా నేనే.

అయినా సరేనన్నాను. ఆరు నుంచి పది దాకా ఆ హాస్టల్ అన్నమే తిన్నాను. కాదంటే ఆ అన్నం నన్ను ఊరుకోనివ్వదు.

జూన్ 23, సోమవారం

ఆన్‌లైన్ డబ్బు చేరవేసే పేమెంట్ గేట్‌వే వాళ్లు డాక్యుమెంట్లు మూడోసారి వెనక్కి కొట్టారు. సంఘపెద్ద సంతకం పోయినేడు ఒక రకంగా ఉందట, ఈ ఏడు ఇంకో రకంగా ఉందట. ఆయనకు డెబ్బై ఆరేళ్లు రా నాయనా!

జూలై 3, గురువారం

ఫారం లైవ్. పైన రెండు పెద్ద బటన్లు: ఒక్కసారి, ప్రతి నెలా. కింద మొత్తం, పేరు, ఫోన్ నంబరు. అన్నిటికన్నా కింద ‘మీ మాట’ అని ఖాళీ డబ్బా. అది నేను వాడిన రెడీమేడ్ ఫారం ప్లగిన్‌తో పాటే వచ్చింది. తీసేయడానికి బద్ధకమేసి వదిలేశాను. లింకు చర్చి గ్రూపులో పెట్టాను. ఊరుకోక గొప్పకు పోయి స్కూల్ స్టాఫ్ గ్రూపులో కూడా పెట్టాను.

జూలై 6, ఆదివారం. ఆళ్లగడ్డ

ఆరాధన అయ్యాక అందరికీ ఫారం చూపించాను. ముసలివాళ్లు సణిగారు. వాళ్లకు కవరే ముద్దు. మా చర్చిలో కానుక కవరు వెనక ప్రార్థన మనవి రాసుకోవడం అలవాటు. కట్టుకున్నవాడికి కూడా చెప్పనిది ఆ కవరు మీద రాస్తారు. అయ్యగారు ఒక్కరే చదివి, ప్రార్థన చేసి, కవర్లను పొయ్యిలో వేస్తారు.

సారమ్మ పిన్ని మాత్రం ముందుకొచ్చింది. అమ్మకు చెల్లెలి వరస. హాస్టల్లో వంట చేస్తుంది. ప్రతి నెలా అంటే ఏందే అని అడిగింది. ఒక్కసారి పిన్ కొడితే చాలు, నెలనెలా ఇదే తారీఖున అదే పోతుంది అని చెప్పాను. అట్లయితే నాది నెలనెలా పెట్టు, వంద అంది. ‘మీ మాట’ దగ్గర ఆగి, ఈడ రాసుకోవచ్చా, నాకు రాసేది రాదు కదే అంది. మైకు గుర్తు చూపించాను. ఫోన్ తీసుకుని గేటు దాకా పోయి, నోటి దగ్గర పెట్టుకుని చాలాసేపు మెల్లగా మాట్లాడింది. వచ్చి పిన్ కొట్టింది. ముఖం తేటగా ఉంది.

ఇరవై ముగ్గురు ఇచ్చారు. తొమ్మిదిమంది ప్రతి నెలా! గర్వంగా బస్సెక్కాను.

జూలై 7, ఉదయం 5:40

చచ్చాను.

పేజీలో ‘ఇటీవలి కానుకలు’ అని ఒక భాగం ఉంది. ఇచ్చినవాళ్ల పేరు, మొత్తం, దాని కిందే ‘మీ మాట’లో రాసిందంతా. లింకు నొక్కిన ఎవరైనా చదవొచ్చు. మనవాళ్లు ఆ డబ్బాను కవరు వెనకభాగం అనుకున్నారు. ఒకామె భర్త తాగుడు గురించి రాసింది. ఒకాయన అన్నదమ్ముల పొలం కేసు. డిగ్రీ పిల్ల ఒకతె, రాయకూడనిదే రాసింది.

ఒక్కొక్కటే చెరిపేస్తూ వచ్చాను. సారమ్మ పిన్నిది దొరికింది.

ప్రభువా నా కొడుకు యెషయాకు ఆ ఫిట్స్ మళ్ళీ రాకుండా చూడు. బండి మీద ఉన్నప్పుడు రానియ్యొద్దు. పోయిన నెల స్టీరింగ్ పట్టుకున్న చెయ్యి కొట్టుకున్నదంట. ఆ పిల్లోళ్లను కాపాడు.

యెషయా మా స్కూల్ మూడో నంబర్ బస్సు నడుపుతాడు. బండి ఆత్మకూరు అనే ఊరి రూటు, ముప్పై నలుగురు పిల్లలు. రెండేళ్ల కింద ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. మా తమ్ముడు సార్, బంగారం లాంటివాడు అని విజయభాస్కర్ సార్‌కు చెప్పింది ఈ నోటితోనే.

చెరిపేశాను. చెరిపితే నా తప్పు పోయింది. తెలిసింది మాత్రం పోదు కదా.

జూలై 8, మంగళవారం

బస్సు షెడ్డు దగ్గర యెషయాను పట్టుకున్నాను. ఎవరు చెప్పినారక్కా నీకు అన్నాడు. మీ అమ్మ అన్నాను. ముఖం పాలిపోయింది. అమ్మకు అన్నీ భయాలేనక్కా, ఫిట్స్ వచ్చి పదునాలుగు నెల్లాయ, మాత్రలు మింగుతానే ఉండా, ఆ పొద్దు తిండి తినకపోతి, అందుకే చెయ్యి వణికింది అన్నాడు. తర్వాత, నా బిడ్డలిద్దరూ ఈడనే చదువుతాండారు, ఫీజులు సగం ఇడుస్తాండారు, ఈ పని పోతే యాడికి పోవల్లక్కా అన్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చిన్నప్పుడు నేను ఎత్తుకు తిరిగిన పిల్లవాడు.

ఒక్క రోజు మాత్ర తప్పినా బండెక్కొద్దు అన్నాను. ఒట్టేశాడు. అంతే. అంతటితో ముగించుకుని వచ్చాను.

జూలై 10

మూడో నంబర్ బస్సు ఏడు నిమిషాలు లేటు. ఆ ఏడు నిమిషాలూ గేటు దగ్గరే నిలబడ్డాను. వాచ్‌మన్ ఎవరికోసం మేడమ్ అంటే ఎవరికోసమూ కాదన్నాను.

జూలై 20, ఆదివారం. ఆళ్లగడ్డ

అయ్యగారికి అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఏడాదిగా సారమ్మ పిన్ని ఈయన చేతే కవర్ల మీద అదే రాయిస్తోంది, ఈయన అదే చదివి ప్రార్థిస్తున్నారు. నాకు కోపం ఆగలేదు. మీకు తెలిసి కూడా ఊరుకున్నారా అని అడిగాను. దేవునికి రాసుకున్నదమ్మా అది, మనం మధ్యలో చదివేవాళ్లం, బయట చెప్పేవాళ్లం కాదు అన్నారు. బస్సులో పిల్లలు మీ మనవళ్లయితే అన్నాను. తల వంచుకున్నారు. నేను మాత్రం ఏం పొడిచానని ఆయన్ని నిలదీశాను? నేనూ రెండు వారాలుగా ఊరుకున్నదాన్నే.

పిన్ని వంటగదిలో నాకు ఉగ్గాని పెట్టింది. నీ ఫారం మంచిదే, నెలనెలా నా ప్రార్థన దానంతటది పోతాది, నేను మర్చిపోయినా అది మర్చిపోదు అని మురిసిపోయింది. తన మాట ఒక పూటంతా ఊరందరికీ కనపడిందని చెప్పాలనే వెళ్లాను. చెప్పలేదు. ఉగ్గాని తిని వచ్చాను.

ఆగస్టు 6, బుధవారం, ఉదయం 6:10

పిన్ని వంద రూపాయలు వచ్చాయి. దాంతో పాటు ఆ ప్రార్థన మళ్లీ పేజీ మీదికి వచ్చింది! నేను చెరిపింది జూలైలోదే. ప్రతి నెలా బటన్ నొక్కినవాళ్లకు డబ్బుతో పాటు మాట కూడా నెలనెలా కొత్తగా పడుతుందట. ఆ భాగాన్ని మొత్తం ఆపే సెట్టింగ్ ఇవాళ వెతికి పట్టుకున్నాను. ఆపేశాను. ఇకనుంచి రాసినవన్నీ నా మెయిల్‌కు మాత్రమే వస్తాయి, నేను అయ్యగారికి పంపాలి.

అంటే నెలనెలా ఆరో తారీఖున ఆ మాట నాకొక్కదానికే వస్తుంది. మూడో నంబర్ బస్సు ఈ పాటికి బండి ఆత్మకూరులో బయల్దేరి ఉంటుంది.

ఆగస్టు 15

జెండా వందనం. యెషయా పిల్లలకు చాక్లెట్లు పంచాడు. నన్ను చూసి నవ్వాడు. బాగానే ఉన్నాడు. బాగానే ఉన్నాడు కదా.

ఆగస్టు 21, గురువారం

ఇవాళ రాయకపోతే ఎప్పటికీ రాయలేను.

రెండో పీరియడ్, ల్యాబ్‌లో ఐదో తరగతి. కావ్య అనే పిల్ల పక్కపిల్లకు ఏదో చెప్పి కిసుక్కున నవ్వుతోంది. ఏంటని గద్దించాను. డ్రైవరన్న నిద్రపోయినాడు టీచర్ అంది. ఎప్పుడు? ఇంతకుముందే, వచ్చేటప్పుడు, కెనాల్ కాడ. బస్సు పక్కకు ఆపినాడు, స్టీరింగ్ మీద పడి కాళ్లు చేతులు కొట్టుకున్నాడు, నోట్లో నుంచి నురగొచ్చింది, పెద్దపిల్లోళ్లు అన్నా అన్నా అని హారన్ కొట్టినారు, మాకు నవ్వొచ్చింది టీచర్. లేచినాక అందరికీ బిస్కెట్లు కొనిచ్చినాడు, ఇండ్లల్లో చెప్పొద్దన్నాడు. ఆ పిల్ల జేబులోంచి సగం తిన్న ప్యాకెట్ తీసి చూపించింది.

నవ్వొచ్చిందట. ఎవరో తల్లి పొద్దున్నే నూనె రాసి బిగించి వేసిన జడలు. ఆ జడలే చూస్తూ ఉండిపోయాను.

యెషయా ఆపగలిగాడు. ఈసారి ఆపగలిగాడు. ఇంకో అర నిమిషం ముందు ఫిట్స్ వచ్చి ఉంటే బస్సు కెనాల్లోనే.

పీరియడ్ మధ్యలోనే విజయభాస్కర్ సార్ గదికి పోయి చెప్పేశాను. ఆయన అరవలేదు. నీకెప్పటి నుంచి తెలుసు సుజాతా అని ఒక్క మాట అడిగారు. ఇప్పుడే తెలిసింది సార్ అన్నాను. నలభై అయిదు రోజులు. లెక్కపెట్టుకునే అబద్ధమాడాను. నిజం చెబితే నా ఉద్యోగం కూడా పోతుందని నోరు దానంతటదే తిరిగింది. యెషయా చేసింది తప్పయితే నేను చేసిందేమిటి? సిగ్గులేనిదాన్ని.

సాయంత్రం బస్సు వేరే డ్రైవర్ తీసుకుపోయాడు. గేటు పనో తోట పనో ఏదైనా ఇవ్వండి సార్, మంచివాడు అన్నాను. చూద్దాం అన్నారు. ఆయన చూద్దాం అంటే ఏమిటో పదేళ్లుగా తెలుసు.

యెషయా షెడ్డులో యూనిఫాం చొక్కా మడతపెడుతున్నాడు. నన్ను చూసి, ఆ చొక్కాను నా పక్కన బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 24, ఆదివారం. ఆళ్లగడ్డ

పిన్ని బియ్యం కడుగుతోంది. తలెత్తలేదు. అంతా చెప్పాను. ఆ డబ్బాలో చెప్పినవి దేవుడి కన్నా ముందు నాకే వస్తాయని, మొదటి రోజు అందరికీ కనపడ్డాయని, సార్‌కు చెప్పింది నేనేనని.

నేను దేవునితో చెప్పుకుంటాంటే నువ్వు చాటుగా ఇని నా కొడుకు కడుపు కొట్టినావు అంది.

ఆ పిల్లల్ని కాపాడమని నువ్వే కదా పిన్నీ అడిగింది అన్నాను.

నిన్ను కాదే అడిగింది, అంది.

కడిగిన నీళ్లు పారబోసి లోపలికి పోయింది. అయ్యగారు బస్టాండు దాకా నాతో నడిచారు. నువ్వు చేసింది తప్పనలేనమ్మా, ఏడాది కిందట నేను చేయాల్సిన పని అది అన్నారు. దారంతా ఏడుస్తూనే వచ్చాను. పక్క సీటామె ఎవరు పోయినారమ్మా అని అడిగింది.

సెప్టెంబర్ 6

పిన్ని వంద రాలేదు. ఆటోపే ఆపించేసుకుంది.

సెప్టెంబర్ 17, బుధవారం

యెషయా దొర్నిపాడులో ఎరువుల కొట్టులో చేరాడట. మూటలు మోసే పని, డ్రైవింగ్ జీతంలో సగం. పిల్లల ఫీజు కట్టబోతే ఎవరో కట్టేశారని ఆఫీసులో చెప్పారట. ఎవరని అడిగితే చెప్పొద్దన్నాను. ఇదేదో గొప్ప కోసం రాయడం లేదు. దీనివల్ల నాకు నిద్రేమీ పట్టడం లేదు.

వంటగదికి కొత్త రేకులు వేశారట. అయ్యగారు ఫోటో పంపారు. పిన్ని అందులో లేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం, ఉదయం 7:05

ఫారం నుంచి మెయిల్.

సారమ్మ. పది రూపాయలు. ఆమె మాట: ప్రభువా సుజాతను క్షమించే మనసు నాకియ్యి. ఆ మనసు ఇంకా రాలేదు.

ఒక్కసారి అని పెట్టలేదు. ప్రతి నెలా అని పెట్టింది.