మసకకు పైఅంచు

మంగళవారం, రాత్రి

నా మీద నాకే కోపం ఇంకా దిగలేదు. విమానం నడిపే కంప్యూటర్ ఆటలో మా ఊరు కుడతిని ఆకాశాన్ని తయారు చేస్తున్నాను. ఎంత ఎత్తుకు లేచినా పాలగ్లాసులో మునిగినట్టే ఉండేది. పొద్దున మొత్తం చెరిపేద్దామనుకున్నాను.

క్యాంటీన్‌లో ఫోన్‌లో నా ఆట వీడియో చూసి ఈరన్న నవ్వాడు. మా కరెంటు ప్లాంటు చిమ్నీ కొసన ఎర్రదీపాలు మార్చేది ఆయనే.

“ఏందప్పా ఇది, పైకి పోయినా గేటుకాడ నిలబడినట్లే ఉండాది? చలికాలం మసక కిందనే పరుచుకోనుంటాది. సగం చిమ్నీ ఎక్కితే దుప్పట్లోంచి తల బయట పెట్టినట్ల. సండూరు కొండలు గూడా కనపడతాయి.”

“అంత ఎత్తుకు ఎక్కితే భయం కాదా ఈరన్నా?”

“భయం కింద ఉండేవాళ్లకప్పా. మీకేమీ కనపడదు కదా.”

నిజమే. గేటు దగ్గర నాకు కనిపించినంత దూరాన్నే కొలతగా పెట్టుకుని ఆకాశమంతా పూసేశాను. నేను నేల విడిచింది ఎప్పుడు గనుక?

ఇంటికొచ్చి మసకకు పైఅంచు పెట్టాను. విమానం దాన్ని దాటగానే అంతా తేట, ఎదురుగా కొండలు. ఈరన్న నడుముకు కట్టుకున్న ఒక్క తాడును నమ్ముకుని చూసేది ఇదన్నమాట. ఏం మనిషి.

ఇక చెరపను. కానీ కిందకు చూస్తే బూడిదరంగు చాప పరిచినట్టుంది. మా వీధి దాని కిందే ఉంది. రేపు పొద్దున నేను నడిచేది అందులోనే...