రోలు వెంట రాదు

రోకటిపాట కూడా ఒక పాటేనా అన్నారు మీరు. పాటేనండీ. మీ మనవరాలు దాన్ని ఫోన్లో రికార్డు చేస్తోంది.

పటాన్‌చెరు ఇల్లు అమ్మేస్తున్నాను, మీరు పోయేముందు వద్దన్న పనే. నేలలో పాతిన రోలు వెంట రాదు, ఆ దెబ్బ లేకుంటే పాట నిలవదు. అందుకే తాళాలివ్వకముందే దంచుతూ పాడుతున్నాను. కంపెనీ సైరన్ మోగితే మళ్లీ మొదటి నుంచి.

ఇల్లు కొనేవాడు గుమ్మంలోకి వచ్చాడు.

"జెర జల్దీ కానీ పెద్దమ్మా, టైల్స్‌కు కొలతలు తీస్కోవాలె."

"గురువారం రిజిస్ట్రేషన్ దాకా ఇల్లు నాదే బిడ్డా. చెప్పులిడిసి కూసో, దగ్గకు."

దగ్గలేదు. మూడు చరణాలయ్యాయి. నాలుగోది మీ అమ్మతోనే పోయింది. అక్కడ కనిపిస్తే అడగండి. మొదటి మాట చాలు. మీరు పాడొద్దు, రాసుకోండి.